ఎలుక నడిచి రాదు, సరుకెక్కి వస్తుంది

(కంబంలో జరిగిన మిల్లు కార్మికుల సర్వసభ్య సమావేశంలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



బోనసు చర్చల సంగతి అధ్యక్షులవారు వివరంగా చెప్పారు. జీతాల ఒప్పందం సంగతి కోశాధికారి చెబుతారు. మాకు కార్యవర్గం అప్పగించిన విషయం ఎలుకలు. నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. కార్యవర్గంలోనే కొందరు నవ్వారు. "యూనియనుకు వేరే పని లేదా, ఎలుకల మీద ఉపన్యాసమా?" అన్నారు. కానీ ఈ కంబంలో కూచుని ఎలుకను చూసి నవ్వడం మన తాతలు ఎరగరు.

మీ ఇళ్ళలో బాగా పెద్ద వయసు అవ్వలుంటే అడగండి. "ఎలుకలు రాలినాయి" అనే మాట వాళ్ళు తమ తల్లుల నోట విని వుంటారు. ఇంటి కప్పు వాసాల్లో తిరిగే ఎలుక ఉన్నట్టుండి తూలుతూ కింద పడి చచ్చేది. ఒకటి పడితే ఎవరూ పట్టించుకోరు. నాలుగిళ్ళలో నాలుగు పడితే ఊరు ఊరంతా సట్టీ కుండా, గొడ్డూ గోదా తోలుకుని పొలాల్లోకి పోయి గుడిసెలు వేసుకునేది. నెల, రెండు నెలలు అక్కడే కాపురం. ఎవరూ చట్టం చేసి చెప్పనక్కరలేదు. గజ్జల్లో, చంకల్లో గడ్డ లేచి, జ్వరం ముంచుకొచ్చి మనిషి వారం లోపే పోవడం కళ్ళారా చూసినవాళ్ళు వాళ్ళు. అదే ప్లేగు.

1920, 1930 దశకాల్లో మన కంబం లోయ మద్రాసు ప్రెసిడెన్సీలో ప్లేగు వదలని చోట్లలో ఒకటి. ఒక ఏడు తగ్గేది, మరుసటి ఏడు పక్క ఊళ్ళో లేచేది. ఇది ఎందుకని ఇక్కడే తిష్ట వేసిందో తెలుసుకోవడానికి ప్రత్యేకంగా విచారణ జరిగింది. జార్జి, వెబ్‌స్టర్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ విచారణ వివరాలను 1934లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రిసెర్చ్‌లో అచ్చు వేశారు. మన ఊరి పేరు ప్రపంచంలోని వైద్య పుస్తకాల్లోకి ఎక్కింది ద్రాక్ష తోటల వల్ల కాదు, ఎలుకల వల్ల. కోయంబత్తూరులో అయితే ఈనాటికీ ప్లేగు మారియమ్మ గుళ్ళున్నాయి. అమ్మవారికి జబ్బు పేరు పెట్టుకుని మొక్కారంటే ఆ రోజుల్లో జనం ఎంత హడలి పోయారో ఊహించుకోండి.

ఇక అసలు సంగతికి వస్తాము. ఎలుక ఊరి నుంచి ఊరికి ఎలా పోతుంది? గుంపులు గుంపులుగా రాత్రిపూట రోడ్డెక్కి నడిచిపోతుందని చాలామంది అనుకుంటారు. అది తప్పు. ఇంటి ఎలుక పుట్టిన చోటి నుంచి మామూలుగా వంద గజాలు కూడా దాటదు. దాని తిండి, దాని బొరియ, దాని దారి, అంతా ఆ చుట్టుపక్కలే. వరద వచ్చి బొరియ మునిగితేనో, తిండి అయిపోతేనో కదులుతుంది. అలాంటి ఎలుక ఈ భూమండలమంతా ఎలా పాకింది? మనిషి మోసుకుపోయాడు. బియ్యపు బస్తాల్లో, పత్తి బేళ్ళలో, ఓడల అడుగు అరల్లో మోసుకుపోయాడు.

నల్ల ఎలుక అని శాస్త్రజ్ఞులు పిలిచే ఇంటి ఎలుక పుట్టినిల్లు మన దేశమే, అందులోనూ దక్షిణాదేనని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. మిరియాల ఓడలెక్కి అది రోము రాజ్యం దాకా పోయింది. మనవాళ్ళు బతకడానికి సిలోను, మలయా పోయిన దానికంటే ఎంతో ముందే మన ఎలుక వలస పోయింది. గోధుమ రంగు పెద్ద ఎలుక దీనికి ఎదురు దారిలో వచ్చింది. అది చైనా ఉత్తర ప్రాంతం నుంచి బయలుదేరి ఓడలెక్కి ప్రపంచంలోని రేవు పట్టణాలన్నిటిలో దిగింది.

ప్లేగు కూడా అలాగే వచ్చింది. 1894లో హాంకాంగ్‌లో లేచింది. అక్కడే యెర్సిన్ అనే ఆయన దాని క్రిమిని కనిపెట్టాడు. 1896లో బొంబాయిలో దిగింది. బొంబాయిలో మొదట ఎక్కడ కనబడింది? రేవు పక్కన ధాన్యం గోడౌన్లుండే మాండ్వీలో. గోడౌన్లలో ఎలుకలు చావడం ముందు, మూటలు మోసే పేటలో మనుషులు చావడం తరవాత. ఆ వరస గుర్తు పెట్టుకోండి.

బొంబాయి సంగతి మనం మిల్లు కార్మికులుగా తెలుసుకోవాలి. కొన్ని నెలల్లో ఊరి జనంలో సగం దాకా పారిపోయారు. మిల్లులు ఆడించడానికి చేతులు చాలలేదు. అప్పటిదాకా నెల జీతం కూడా వాయిదా వేసి, వారాల తరబడి బిగబట్టి ఇచ్చే యజమానులు, 1897లో ఏ రోజు కూలి ఆ రోజే ఇస్తామని వీధి మొగల్లో నిలబడి, ఒకరి మీద ఒకరు రేటు పెంచి కార్మికులను పిలుచుకున్నారు. ఏ సమ్మె చేయలేని పని ఎలుక చేసింది. ఇది మేము సరదాకి చెప్పడం లేదు. అంత కూలి ఇచ్చినా చావు భయం పోలేదు, చావులూ ఆగలేదు. ఆ ప్లేగు ఈ దేశంలో దశాబ్దాల తరబడి సాగి, మొత్తం మీద కోటికి పైగా ప్రాణాలు తీసింది.

ఎలుక నుంచి మనిషికి ఎలా వస్తుందన్నది అప్పట్లో ఎవరికీ తెలియదు. గాలి దోషమన్నారు, నేల దోషమన్నారు. ప్రభుత్వం వారు ఇళ్ళు తవ్వించారు, బట్టలు తగలబెట్టించారు. 1898లో కరాచీలో సైమాండ్ అనే ఫ్రెంచి వైద్యుడు అసలు గుట్టు పట్టుకున్నాడు. ఎలుక ఒంటి మీద రక్తం తాగి బతికే చిన్న పురుగు ఒకటుంది. రెక్కలుండవు, దూకుతుంది. ఇక్కడ మనం తమిళ మాటే వాడుతాం, తెళ్ళుపూచి అని. ఎలుక బతికున్నంత కాలం అది ఎలుకనే పట్టుకుని వుంటుంది. ఎలుక చచ్చి ఒళ్ళు చల్లబడగానే దిగిపోయి వేరే వేడి ఒంటికోసం వెతుకుతుంది. దగ్గరలో ఇంకో ఎలుక లేకపోతే పక్కన పడుకున్న మనిషే దిక్కు. పత్తిలో, గోనె మడతలో దాక్కుని, తిండి లేకపోయినా రోజులూ వారాలూ గడపగలదు. కనుక ఎలుక రాకపోయినా గోనె వస్తే చాలు.

ఇందులో ఒక చిత్రముంది. మద్రాసు పట్నంలో ఎలుకలకు కొదవ లేదు, రేవు వుంది, రైళ్ళు వున్నాయి. బయటి నుంచి ప్లేగు రోగులూ వచ్చారు. అయినా బొంబాయిలాగా మద్రాసు ఎన్నడూ ప్లేగు పాలు కాలేదు. కారణం ఎలుకలో లేదు, దాని మీది పురుగులో వుంది. తెళ్ళుపూచిలో జాతులున్నాయి. మద్రాసులో ఎక్కువగా వున్న జాతి ప్లేగును సరిగా మోయలేనిది. బాగా మోసే జాతి కాస్త చల్లగా వుండే ఎగువ ప్రాంతాల్లో ఎక్కువ. కొలంబోలో హర్స్ట్ అనే వైద్యుడు ఈ తేడాను 1913లోనే పసిగట్టాడు. 1914లో కొలంబోలో ప్లేగు వచ్చినప్పుడు అక్కడ కూడా ఆ చెడ్డ జాతి పురుగు ఎక్కువగా కనబడింది ధాన్యం వ్యాపారం సాగే పేటల్లోనే. మళ్ళీ గోడౌనే.

మన లోయ సంగతి ఇప్పుడు మీకే అర్థమవుతుంది. మూడు వైపులా కొండలు, కిందికంటే చల్లని గాలి. 1895లో పెరియారు డ్యాము పూర్తయ్యాక ఈ లోయలో వరి పంటకు నీటి కరువు తీరింది. ఇంటింటా గాదెలు. తేని నుంచి కుమిళి దాకా బండి దారి. పైకి ఎస్టేట్లకు బియ్యం, కిందికి ఏలకులు. ఎలుకకూ పురుగుకూ ఇంతకంటే మంచి ఊరు ఎక్కడ దొరుకుతుంది?

డీడీటీ వచ్చాక, మందులు వచ్చాక ప్లేగు తగ్గింది. 1966 తరవాత దేశంలో లేదనుకున్నారు. 1994లో మళ్ళీ వచ్చింది. 1993 సెప్టెంబరులో లాతూరు భూకంపం వచ్చింది. జనం కూలిన ఇళ్ళు వదిలి రేకుల షెడ్లలోకి పోయారు. ఇళ్ళలో ధాన్యం మిగిలింది, ఎలుకలు పెరిగాయి. 1994 ఆగస్టులో బీడ్ జిల్లా మామ్లా గ్రామంలో గడ్డల ప్లేగు కనబడింది. సెప్టెంబరులో, తాపీ నది వరద తీసిన తరవాత, సూరత్‌లో ఊపిరితిత్తుల ప్లేగు అన్నారు. సూరత్ మన తోటి జౌళి కార్మికుల ఊరు. ఒరిస్సా నుంచి, మహారాష్ట్ర నుంచి, మన తెలుగు జిల్లాల నుంచి పోయిన వాళ్ళు లక్షల్లో మగ్గాల మీద వున్నారు. కొద్ది రోజుల్లో కొన్ని లక్షల మంది దొరికిన రైలెక్కి పారిపోయారు. చనిపోయినవారు దేశం మొత్తం మీద యాభైకి పైన. మందు దొరికే జబ్బు కనుక అంతటితో ఆగింది. ఆ తరవాత 1995లో మునిసిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు గారు చెత్త ఎత్తించి, మురుగు తీయించి ఆ ఊరి రూపే మార్చారు. చావులు రాకముందు ఆ పని ఎవరికీ తోచలేదు. కార్మికులు ఎలాంటి గుడిసెల్లో, ఏ మురుగు పక్కన పడుకుంటున్నారో ఆ ఊరికి తెలియనిది కాదు.

ప్లేగు పాత కథ, మందుంది, ఇప్పుడెందుకీ గోల అని ఎవరైనా అడగవచ్చు. ప్లేగు క్రిమి బాక్టీరియా. మేము ఇప్పుడు చెప్పబోయేది వైరసు. అది ఇంకో జాతి, దాని పద్ధతీ వేరే.

1951 నుంచి 1953 దాకా కొరియా యుద్ధంలో మూడు వేల మంది దాకా సైనికులకు తెలియని జ్వరం వచ్చింది. మూత్రం నిలిచి, రక్తస్రావమై చాలామంది చనిపోయారు. పాతికేళ్ళు వెతికితే గానీ కారణం దొరకలేదు. 1976లో హో వాంగ్ లీ అనే కొరియా శాస్త్రజ్ఞుడు పొలాల్లో తిరిగే చిట్టెలుక ఊపిరితిత్తుల్లో దాన్ని పట్టుకున్నాడు. అక్కడి హంటాన్ నది పేరు మీద హంటా వైరసు అన్నారు. తరవాత సియోల్ నగరంలో ఊరి ఎలుకల్లో దాని చుట్టం దొరికింది. సియోల్ వైరసు అని పేరు పెట్టారు. దాన్ని మోసేది, ఇందాక చెప్పిన గోధుమ రంగు ఎలుక. అది ఓడలెక్కి రేవు రేవునా దిగిందని చెప్పాం కదా, వైరసు కూడా దానితోపాటే దిగింది. అమెరికాలో, యూరపులో, జపానులో రేవుల ఎలుకల్లో దొరికింది. 2017లో అమెరికాలో ముచ్చట పడి ఎలుకలను పెంచుకునేవాళ్ళ ఇళ్ళలో పదకొండు రాష్ట్రాల్లో బయటపడింది. ఒక రాష్ట్రంలో కొన్న ఎలుకను ఇంకో రాష్ట్రానికి పంపుకున్నారు. వైరసు కూడా పోయింది. డబ్బిచ్చి ఎలుకను కొనుక్కునే మనుషులుంటారని మాకు అప్పుడే తెలిసింది.

ఇప్పుడు తేడా చూడండి. ప్లేగులో ఎలుక చస్తుంది. చచ్చి మనకు కబురు చెబుతుంది. మన అవ్వలు ఆ కబురు విని ఊరు వదిలి బతికిపోయారు. హంటా వైరసు వున్న ఎలుక చావదు. దానికి జబ్బే చేయదు. కొవ్వు పట్టి, పిల్లలు పెట్టి, హాయిగా తిరుగుతుంది. వైరసు దాని మూత్రంలో, పెంటికల్లో, ఉమ్మిలో వస్తుంది. మధ్యలో తెళ్ళుపూచి అక్కరలేదు. మూత్రం, పెంటికలు ఎండి పొడి అవుతాయి. ఎవరో చీపురుతో వూడుస్తారు. పొడి లేస్తుంది, ముక్కులోకి పోతుంది. అంతే. ఎలుక రాలలేదు కదా అని మనం నిశ్చింతగా వుంటాం. అవ్వలు నేర్పిన గుర్తు ఇక్కడ పనికి రాదు.

ఇది దూరదేశపు కథ అనుకోవద్దు. 1964లో మన వేలూరు దగ్గర తొట్టపాళయంలో ఒక చుంచులో, ఇక్కడి పిల్లలకు మూంజూరు అంటేనే తెలుస్తుంది, వైరసు ఒకటి దొరికింది. చుంచు నిజానికి ఎలుక జాతి కాదు, అయినా ఆ వైరసు హంటా కుటుంబానిదేనని తరవాత తేలింది. దాని పేరు ఈనాటికీ తొట్టపాళయం వైరసే. అది మనిషికి జబ్బు చేసిన దాఖలా లేదు. కానీ వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వారు ఇతర దేశాల శాస్త్రజ్ఞులతో కలిసి 2008లో ఒక పరిశోధన ప్రకటించారు. ఎలుకలు పట్టి బతికే ఇరుల వారినీ, గోడౌన్లలో పనిచేసే కార్మికులనూ పరీక్షించారు. పరీక్షించినవారిలో కొందరి రక్తంలో హంటా జాతి వైరసు తగిలిన ఆనవాళ్ళు కనబడ్డాయి. ఎవరిని పరీక్షించాలని వాళ్ళకు తోచిందో చూడండి. గోడౌను కార్మికుడు. ఆ సంగతి డాక్టర్లకు తోచింది, యాజమాన్యాలకు తోచలేదు.

పక్కనే వున్న మరో రెండు జబ్బుల గురించి క్లుప్తంగా చెబుతాము, ఎందుకంటే మన ఇళ్ళ ఆడవాళ్ళు చాలామంది తెల్లారకముందే జీపులెక్కి కుమిళి దాటి ఏలకుల తోటల పనికి పోతున్నారు. ఒకటి ఎలుక జ్వరం, లెప్టోస్పైరోసిస్. ఇది వైరసు కాదు, బాక్టీరియా. ఎలుక మూత్రం కలిసిన నీళ్ళలో, బురదలో కాలిపుండు తగిలితే వస్తుంది. 2018లో కేరళ వరదల తరవాత ఎలుకలు చెల్లాచెదురైనప్పుడు పెద్ద ఎత్తున వచ్చింది. వరద నీళ్ళలో దిగినవారికి ముందు జాగ్రత్తగా డాక్సీసైక్లిన్ మాత్రలు పంచారు. రెండోది క్యాసనూరు అడవి జ్వరం. ఇది వైరసు. 1957లో కర్ణాటకలో షిమోగా అడవిలో బయటపడింది. అడవి ఎలుకలు, కోతులు, వాటి మీది పిడుదుల మధ్య తిరుగుతూ వుంటుంది. తరవాతి కాలంలో కేరళలోని వయనాడు దాకా వచ్చింది. తోటల్లో కోతి చచ్చిపడి వుంటే దాన్ని ముట్టకుండా మేస్త్రీకి చెప్పమని ఇంట్లో చెప్పండి.

ఇక మన మిల్లుకు వద్దాం. మన పత్తి గుంటూరు నుంచి, ఆదిలాబాదు నుంచి, గుజరాతు, మహారాష్ట్రల నుంచి లారీల్లో వస్తుంది. విదేశాల పత్తి తూత్తుకుడి రేవులో దిగి కంటైనర్లలో వస్తుంది. అది ఎన్ని గోడౌన్లలో ఎన్ని నెలలు పడి వుందో ఎవరికీ లెక్క లేదు. బేళ్ళ వరసల మధ్య పందికొక్కుల బొరియలు మీరు చూడనివి కావు. బేలు విప్పితే ఎలుక గూడు, పిల్లలతో సహా, బ్లోరూములో పనిచేసిన ప్రతివాడూ చూసే వుంటాడు. మేము ఆ పనిలో వున్న రోజుల్లో దాన్ని చేత్తో తీసి పారేసి, ఆ చేత్తోనే బీడీ ముట్టించేవాళ్ళం. చేతికి తొడుగు అడిగితే, ఒక మిల్లులో, పేరు అనవసరం, "ఎలుక పిల్లను పట్టడానికి తొడుగా, పాము అనుకున్నావా?" అని మేస్త్రీ నవ్వాడు.

ఇప్పుడు గోడౌన్లు వూడ్చేది ఎవరు? పర్మినెంటు కార్మికుడు కాదు. కాంట్రాక్టు కింద వచ్చే మన ఆడవాళ్ళు, ఒడిశా నుంచి, బీహారు నుంచి, అస్సాం నుంచి వచ్చి మిల్లు హాస్టళ్ళలో వుండే పిల్లలు. ముక్కుకు చీర కొంగు. చేతిలో పొడి చీపురు. తలుపులు మూసి వూడుస్తారు, ఎందుకంటే గాలికి దూది ఎగురుతుంది. ఇంతకంటే చెడ్డ పద్ధతి కావాలని వెతికినా దొరకదు.

చేయవలసింది కష్టమైన పని కాదు. వూడ్చే ముందు తలుపులు, కిటికీలు తీసి కనీసం అరగంట గాలి ఆడనివ్వాలి. ఎలుక పెంటికలున్న చోట పొడిగా వూడవకూడదు. బ్లీచింగు పౌడరు కలిపిన నీళ్ళు చల్లి, బాగా నాననిచ్చి, తడి గుడ్డతో ఎత్తాలి. చేతికి రబ్బరు తొడుగులు, ముక్కుకు సరైన మాస్కు వుండాలి, కొంగు చాలదు. పత్తి తడుస్తుందని స్టోర్సు వాళ్ళు అంటారని మాకు తెలుసు. సరుకు ఖాళీ అయిన అరను, కొత్త లోడు దించక ముందు కడగమని మేము అడుగుతున్నాము. బేళ్ళ మీద నీళ్ళు పోయమని ఎవరూ అనడం లేదు.

మందు పెట్టే సంగతి కూడా చెప్పాలి. ఎలుకలు ఎక్కువయ్యాయని గోల చేస్తే కాంట్రాక్టరు వచ్చి విషం పెట్టి బిల్లు తీసుకుని పోతాడు. చచ్చిన ఎలుకలు బేళ్ళ సందుల్లో కుళ్ళుతాయి. ఎలుక చచ్చిందంటే తెళ్ళుపూచి దిగుతుందని ఇందాక చెప్పాము. ప్లేగు భయం వున్న చోట ముందు పురుగుల మందు, ఆ తరవాతే ఎలుకల మందు, ఇది వైద్యులు నూరేళ్ళ అనుభవంతో చెప్పిన వరస. అసలు ఎలుకకు తిండి, దూరే సందు లేకుండా చేస్తే ఈ విషాలతో పని తక్కువ. హాస్టలు వంటగది చెత్త గోడౌను గోడ పక్కనే పోయించే యాజమాన్యం ఎన్ని డబ్బాల విషం కొన్నా ప్రయోజనం లేదు.

ఇది దయ మీద అడిగే పని కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం 11వ సెక్షనులో పని చేసే గది నేలను వారానికొకసారైనా కడిగించాలని, సున్నం పద్నాలుగు నెలలకొకసారైనా కొట్టించాలని రాసి వుండేది. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో కొత్త కోడ్ అమల్లోకి తెచ్చారు. ఆ కోడ్ మీద మన అభిప్రాయం వేరే సభలో చెప్పుకుందాం, చెప్పవలసింది చాలా వుంది. శుభ్రత బాధ్యత మాత్రం అందులోనూ యజమానిదే.

ఒక మాట జ్వరం గురించి. జ్వరంతో ఇ.ఎస్.ఐ. డిస్పెన్సరీకి పోయినప్పుడు, "గోడౌనులో పని, ఎలుకలున్నాయి" అని డాక్టరుకు మీ నోటితో మీరే చెప్పండి. తోట పని అయితే తోట అని చెప్పండి. చెప్పకపోతే మామూలు జ్వరం మాత్ర ఇచ్చి పంపుతారు, వాళ్ళ తప్పు కూడా కాదు. జ్వరంతో పాటు పిక్కల్లో విపరీతమైన నొప్పి, కళ్ళు ఎర్రబడడం, పచ్చబడడం, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనబడినా రెండో రోజు దాకా ఆగవద్దు. ఎలుక జ్వరానికి, ప్లేగుకు మందులున్నాయి, తొందరగా పోతే పని చేస్తాయి. హంటాకు ప్రత్యేకమైన మందు లేదు, ఆసుపత్రిలో చేరితే మూత్రపిండాలను కాపాడే వైద్యమే.

యాజమాన్యానికి ఇవ్వవలసిన వినతిపత్రం తెలుగులో, తమిళంలో తయారై వుంది. హాస్టలు పిల్లల కోసం హిందీలో కూడా రాయిస్తున్నాము. అందులో మూడే సంగతులు రాశాము. గోడౌను వూడ్చేవారందరికీ, కాంట్రాక్టు అయినా సరే, తొడుగులు, మాస్కులు, తడి శుభ్రతకు సామాను ఇవ్వాలి. హాస్టలు చెత్త గోడౌను పక్క నుంచి తీయించాలి. ఎలుకల మందు పెట్టే రోజు ముందుగా నోటీసు బోర్డు మీద వేయాలి, చచ్చినవాటిని ఎత్తే బాధ్యత మందు పెట్టిన కాంట్రాక్టరుదే కావాలి. సభ అయ్యాక ఆ కాగితం తలుపు దగ్గర బల్ల మీద వుంటుంది. రెండో షిఫ్టు వాళ్ళు ముందు సంతకం చేసి పోండి, మీకు బస్సుకు వేళవుతోంది.